ఆమె చేతి బోణీ

నా భార్య చనిపోయింది. ఆ రోజు పొద్దున ఇద్దరం టీ తాగాం. ఆమె కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మూడు విజిల్స్ రాగానే దించమని నాకు చెప్పి, చెప్పులు వేసుకుంది. వెదురు అల్లేవాళ్ల కొత్త దుకాణం మర్నాడు తెరవాలి, తలుపు బిగిస్తున్నారు, చూసి వస్తానంది. అక్కడే, ఆ కొత్త రేకుల కింద, ఛాతీలో బరువుగా ఉందని కూర్చుందట. అల్లే ఆడవాళ్లు షేర్ ఆటో ఆపి, అందులో ఉన్నవాళ్లను దింపించి, దవాఖానాకు తీసుకెళ్లారు. నేను చేరేసరికి అయిపోయింది. వాళ్లలో పెద్దామె ముత్తమ్మ ఒళ్లో ఆమె తల ఉంది. ఇంటికొచ్చి చూస్తే కుక్కర్ మాడి ఉంది.

ఆమె మహిళా సంఘాల్లో ఆర్పీగా, అంటే రిసోర్స్ పర్సన్‌గా పనిచేసేది. మా ఖానాపురం హవేలి దాటాక రోడ్డు వార కొన్ని కుటుంబాలు ఉన్నాయి. చర్ల అవతలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. అటునుంచి లారీల్లో వచ్చే వెదురును చీల్చి, చాటలు, తట్టలు అల్లి అక్కడే అమ్ముకుంటారు. మునిసిపాలిటీ బండి వచ్చినప్పుడల్లా సరుకు ఎత్తుకుని సందుల్లోకి పరుగెత్తేవాళ్లు. వాళ్లకు గుర్తింపు కార్డులు, బ్యాంకు ఖాతాలు, చిన్న వ్యాపారంగా నమోదు, చివరికి ఒక దుకాణం ఇప్పించాలని ఆమె పట్టుబట్టింది. నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అసంఘటిత రంగం అని ఎన్నో ఏళ్లు బోర్డు మీద రాశాను. ఆ రంగం మా వరండాలోకి వచ్చి కూర్చుంటే కుర్చీ లోపలికి జరుపుకునేవాణ్ణి.

మొదట వేలిముద్రల దగ్గరే ఆగిపోయింది. వెదురు బద్దలు లాగి లాగి వాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పడవు. మీరు మీరు కాదంటుంది మిషన్. నా భార్య దానికీ ఒక దారి కనిపెట్టింది.

"వారం దినాలు కత్తి ముట్టకుండ్రి. చేతులకు సెలవియ్యుండ్రి. గీతలు అవే లేస్తయ్."

"సెలవిస్తే తినేదేంది మేడం?"

"మా ఇంట్ల తినుండ్రి."

తిన్నారు. మా వరండాలో కూర్చుని అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, మా స్టీలు గ్లాసుల్లో టీ తాగుతూ గడిపారు. గ్లాసులు ఏ అరలో ఉంటాయో నాకంటే ముత్తమ్మకే బాగా తెలుసు.

నమోదుకు దుకాణం పేరు, యజమాని పేరు కావాల్సి వచ్చినప్పుడు ముత్తమ్మ అడ్డం తిరిగింది.

"నా పేరెందుకు? మా ఆయన పేరు రాయుండ్రి."

"అల్లేదెవరు?"

"నేనే."

"అమ్మేదెవరు?"

"నేనే."

"మరి ఆయన పేరెందుకే?"

"పేరుంటెనన్న సిగ్గుపడి దుకాణంల కూసుంటడేమోనని."

నా భార్య పగలబడి నవ్వింది. "గట్లయితదా? మా గేటు మీద సారు పేరే ఉంటది. గేటు ముంగట ఊడ్సేది నేనే."

అందరూ లోపలికి చూసి నవ్వారు. నేను పేపర్ ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. ముత్తమ్మ పేరు మీదే నమోదు అయింది.

బోణీ సంగతి మీకు తెలియంది కాదు. పొద్దున మొదటి బేరం ఎవరి చేతి మీదుగా జరిగితే ఆ రోజు అమ్మకం వాళ్ల చలవే అంటారు. నా భార్య చేతిది మంచి బోణీ అని ఆ వరుసంతా నమ్మేది. ఆమె రోజూ పొద్దున్నే అటు నడిచి, వంతులవారీగా ఒక్కొక్కరి దగ్గర ఏదో ఒకటి కొనేది. అంచును బొటనవేలితో ఒకసారి తడిమి చూసేది. ధర మాత్రం అడిగినంతే. "బోణీకి బేరమాడితే పొద్దుగూకేదాక వాళ్ల మనసుల అదే ఉంటది" అనేది. అలా మా అటక చాటలతో నిండిపోయింది. సారును కూడా ఒకసారి తీసుకురమ్మని వాళ్లు అడిగితే, "సారుకు ఎండ పడదు" అని చెప్పేదట. పొద్దున ఏడింటికి ఏం ఎండ? నా పరువును ఆమె అలా దాచేది.

ఇక రాయవలసింది రాస్తాను. ఆమెను ఇంటికి తెచ్చాక బంధువులు, నా పాత సహోద్యోగులు కుర్చీల్లో కూర్చున్నారు. ఆ ఆడవాళ్లు గేటు పక్కన నేల మీద కూర్చున్నారు. పక్కింటివాళ్లు టీ పంపారు. మా అక్క కుర్చీల్లో వాళ్లకు స్టీలు గ్లాసుల్లో పోసి, గేటు వైపు చూసి, "వాళ్లకు కాగితం గ్లాసులు తెప్పియ్యిరా" అంది. తెప్పించాను. అక్క మీదకు తోసెయ్యలేను, తెప్పించింది నేను. దుఃఖంలో ఏమీ తోచలేదని చెప్పుకోవచ్చు. తోచింది. కుర్చీల్లో వాళ్లు ఏమనుకుంటారో అన్నది తోచింది.

ముత్తమ్మ ఆ కాగితం గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసింది. పొద్దున నా భార్య తలను పట్టుకున్నవి ఆ చేతులే. తాగాక వాళ్లు గ్లాసులను ఒకదాంట్లో ఒకటి దూర్చి, మా వాకిట్లో వదలకుండా కొంగులో కట్టుకుని వెళ్లిపోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు, అంటే నిన్న, ముత్తమ్మ వచ్చింది. గేటు బయటే నిలబడింది.

"లోపలికి రా" అన్నాను.

"ఈడ్నే మంచిగున్నది సారూ."

దుకాణం ఇంకా తెరవలేదట. మేడం చేతి బోణీ అనుకున్నారు, ఇంకొకరి చేత్తో చేయించడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. నెలాఖరులోగా తెరవకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని మునిసిపాలిటీ ఆఫీసువాళ్లు చెప్పి వెళ్లారు. అది పోతే మళ్లీ రోడ్డు వారే, మళ్లీ బండే.

"మీరొచ్చి చెయ్యుండ్రి సారూ."

"నాది చావింటి చెయ్యి. మంచిది కాదు" అన్నాను. తప్పించుకునే మాట.

ఆమె గేటు చువ్వల మధ్య నుంచి అరచేతులు చాపి చూపించింది.

"మైల మీకొక్కలకేనా? మేం గూడ గిన్ని దినాలు కత్తి ముట్టలే. సూడుండ్రి, గీతలు మల్ల లేసినయ్."

చూశాను. వేళ్ల కొసల మీద సన్నని గీతలు, చిన్నపిల్లల వేళ్ల మీద ఉన్నట్టు. నా జవాబు కోసం ఆగకుండా ఆమె వెళ్లిపోయింది.

రేపు పొద్దున్నే ఆ దుకాణానికి వెళ్తాను. మొదటి చాట నేను కొంటాను, అడిగినంతా ఇస్తాను. బోణీ అయ్యాక వాళ్లందరినీ మా ఇంటికి టీకి పిలుస్తాను. వస్తారో రారో తెలియదు. స్టీలు గ్లాసులు ఏ అరలో ఉన్నాయో ఈ సాయంత్రం వెతుక్కోవలసి వచ్చింది. కడిగి, ఆమె చివరగా కొన్న చాటలో బోర్లించి ఉంచాను.