విరాళాల పేజీ పట్టుకుని కోరుట్ల నుంచి సిరిసిల్లకు

గల్ఫ్‌లో చిక్కుకుపోయినవాళ్లకు కాగితాలు, టికెట్టు ఏర్పాటు చేసి ఇంటికి చేర్చే చిన్న సంస్థ మాది. దాని వెబ్‌సైటుకు రాసేది నేనే. ఈసారి విరాళాల పేజీ గురించి మా సార్ ఒకటే మాట చెప్పారు: "చదివినవాళ్ల కళ్లు తడవాలి. ఎల్లుండి సాయంత్రానికల్లా కావాలి." హైదరాబాద్‌లో కూర్చుని రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. ప్రతి వాక్యమూ ఇదివరకే ఎక్కడో చదివినట్టుంది. ఇక కూర్చోలేక, తెల్లవారకముందే జేబీఎస్‌కు వెళ్లి జగిత్యాల బస్సెక్కాను.

టికెట్టు నాలుగు వందల లోపే. ప్రయాణం దాదాపు ఐదు గంటలు. జగిత్యాలలో టీ తాగి, కోరుట్లకు షేర్ ఆటో ఎక్కాను. గంటలోపే చేరుస్తుంది. నేను చేసే పని విని డ్రైవర్ నవ్వాడు. "రాసుడు గాదు మేడం, మా దోస్తుకు వీసా ఏమన్న దొరుకుతదా చూడుండ్రి!" నేను ఫోన్ తీసి మళ్లీ ఆ పేజీనే చూసుకున్నాను.

కోరుట్లలో నేను కలవాల్సింది రజితను. ఆమె భర్త గంగాధర్ గల్ఫ్‌లో పనిచేసిన కంపెనీ మూతపడ్డాక, అతను ఏడాదికి పైగా ఇంటికి ఫోన్ కూడా చేయలేదు. పోయిన ఎండాకాలం మావాళ్లే అతన్ని తీసుకొచ్చారు. ఇప్పుడు సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతూ, వారానికోసారి ఇంటికొస్తున్నాడు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే మాట్లాడింది రజిత.

"పిల్లలు అడుగుతుండిరి అక్కా. మీరు బడికి పోయినంక బాపు ఫోన్ చేసిండు, మంచిగ సదువుకొమ్మన్నడు అని చెప్తుంటి. చాక్లెట్లు కొని, బాపు పైసలు పంపిండు అంటుంటి."

"ఆయనకు తెలుసా?"

"తెల్వదు."

"ఇది రాయొచ్చా మరి?"

ఆమె చేతులు ఆగాయి. "రాయుండ్రి. కని ముందుగాల ఆయనకు సదివి వినిపియ్యుండ్రి. నా నోటితోని చెప్పస్తలేదు."

కోరుట్ల నుంచి వేములవాడ వెళ్లి, అక్కడ సిరిసిల్ల బస్సు మారాలి. ఊరూరా ఆగే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లోనే రాశాను. సార్ మెసేజ్: "ఫోటో తీశావా? ఏడుస్తున్నదైతే మంచిది." దాన్ని మూసేసి మళ్లీ రాయసాగాను. బస్సు ఆగిన ప్రతిసారీ దిగి నడిచిపోదామా అనిపించేంత ఆత్రం.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ చప్పుడులో మాట వినపడదు. గంగాధర్ నన్ను బయట టీ కొట్టుకు తీసుకెళ్లాడు. బల్ల మీద కూర్చుని, రాసింది మొత్తం చదివాను. అతను రోడ్డు వైపే చూస్తూ విన్నాడు.

"నేను ఇంటికచ్చిన్నాడు చిన్నోడు ఉరికచ్చి మీద పడ్డడు," అన్నాడు. "మర్సిపోయి ఉంటడనుకున్న. గందుకేనా!"

ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ఆచూకీ లేకుండా పోయిండని రాసిండ్రు గద మేడం. నేను ఏడికి పోలే. ఫోన్ చేతులనే ఉండె. జీతం అస్తలేదని చెప్పుడు శాతగాక చెయ్యలే. గట్లాంటోళ్లు గల్ఫ్‌ల మా రూంల ఇంక ఉన్నరు. గిది వాళ్లు సదివేటట్టు రాయుండ్రి."

"ఇది విరాళాలిచ్చేవాళ్ల కోసం గదా!"

"వాళ్లు గూడ సదువుతరు తియ్యుండ్రి."

తర్వాత ఫోన్ తీసి రజితకు చేశాడు. నేను టీ డబ్బులివ్వడానికి లేచి, అటు తిరిగి నిలబడ్డాను. "ఆఁ, సదివింది" అన్న మాటొక్కటే వినిపించింది. చిల్లర తీసుకుని నేను వెనక్కి తిరిగేసరికి కూడా ఫోన్ అతని చెవి దగ్గరే ఉంది.

మర్నాడు సాయంత్రం పేజీ పంపాను. మొదటి వాక్యం: "ఇంటికి ఫోన్ చేయలేకపోతున్న అన్నకు." ఏడుస్తున్న ఫోటో లేదు. "దీనికి ఎవరిస్తారమ్మా డబ్బులు?" అన్నారు సార్. ఒక్క వారం ఉంచమని బతిమాలాను. విరాళాలు వచ్చాయి, సార్ అనుకున్నంత కాదు. వాటన్నిటికంటే ముందు గల్ఫ్ నంబర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది: "మేడం, మా ఇంటికి మీరు ఫోన్ చేస్తరా? నేను మంచిగనే ఉన్న అని చెప్పుండ్రి."

చేశాను. "ఎవలు?" అన్న ఆడగొంతు వినగానే, ఇన్నేళ్లూ రాసిన వాక్యాల్లో ఒక్కటీ సాయానికి రాలేదు. ఆయన బాగున్నాడని మాత్రం చెప్పగలిగాను. అప్పటినుంచి రాయడానికి కూర్చుంటే అవతల ఎవరున్నారో అన్న గుబులు వదలడం లేదు, వదలకపోవడమే మంచిదేమో. రజిత, గంగాధర్ ఒప్పుకున్నాకే, పేర్లు మార్చి ఇక్కడ రాశాను. ఇలాంటి పని మీద ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క మాట: సోమవారం వేములవాడలో భక్తుల రద్దీ ఉంటుంది, వేరే రోజు పెట్టుకోండి; రాసింది ఆ మనిషికి చదివి వినిపించేదాకా తిరుగు టికెట్టు మాత్రం తీసుకోకండి.