జొవెలీనా పెంచిన జాకమీన్

పూరూస్ ఉపనది ఒడ్డున రబ్బరు చెట్లు గీసి బ్రతికే జొవెలీనా, భర్త పాముకాటుతో పోయిన మరుసటి వానాకాలంలో, చెట్టుతొర్రలోని జాకమీన్ అనే అడవిపక్షి గుడ్డును తెచ్చి కోడి కింద పొదిగించింది. ఆ ఒడ్డున అందరూ చేసే పనే అది. నల్లని మెడతో, తెల్లని వీపుతో, గూని నడకతో ఎదిగిన ఆ పక్షి కోళ్ళను తోలుకు తిరిగేది. పాము కనబడితే పొట్టలోంచి బూర ఊదినట్లు మోగేది. ఆరేళ్ళుగా ఆమె నిశ్చింతగా నిద్రపోయింది.

చట్టం దృష్టిలో మాత్రం అది అడవి సొత్తు. పడవలో వచ్చిన అధికారి గడువు విధించాడు.

"శనివారంలోగా అడవిలో వదిలెయ్యమ్మా. లేకపోతే పట్నం బోనుకు పట్టుకుపోతాను."

"పామొస్తే నువ్వొచ్చి కూస్తావా బాబూ?"

పక్కింటి తెర్తులియానో పకపకా నవ్వాడు. "ఆయన కూస్తే కోళ్ళు కూడా పారిపోతాయి వదినా!"

శుక్రవారం ఆమె దానిని చంకనెత్తుకుని, కోతులు రాల్చిన పండ్లను అడవి జాకమీన్ల గుంపు ఏరుకునే చోట దింపింది. పరాయి గుంపు ఎదురైతే రెక్కలు పరచి వంగాలి. ఆ మర్యాదను పిల్లలకు పెద్ద పక్షులు నేర్పుతాయి. కోడి పెంపకంలో పెరిగిన దీనికి ఎవరు నేర్పారు? అది వాటినీ కోళ్ళలాగే తోలబోయింది. అవి మీదపడి పొడిచాయి. నెత్తురోడుతున్న తలతో అది ఆమెకంటే ముందే ఇల్లు చేరింది.

శనివారం అధికారి పడవలోంచి చెక్కపెట్టె దింపి, వల విసిరాడు. పక్షి తప్పించుకుని ఇంటి కప్పెక్కింది.

"నువ్వే పిలువు తల్లీ, నీ మాటే వింటుంది."

"నా చేత్తోనే పెట్టెలో పెట్టమంటావా?"

"వలలో కాలు విరిగితే నన్ననకు మరి."

ఆమె మోకరిల్లి, చెయ్యి భుజందాకా పెట్టెలోకి చాచి, మెల్లగా పిలిచింది. పక్షి దిగివచ్చి, ఆ చేతి వెంటే లోపలికి నడిచింది.

అధికారి కాగితం చాపాడు.

"ఏం రాసుంది?"

"నీ ఇష్టంతో ఇచ్చావని."

"ఇష్టమన్న మాట కొట్టెయ్యి."

"అచ్చు కాగితమమ్మా, కొట్టెయ్యడానికి కుదరదు."

వేలిముద్ర పడనిదే పడవ కదలదు. ఎండలో, పెట్టెలో, పక్షి నోరు తెరచి ఆయాసపడుతున్నది. జొవెలీనా బొటనవేలిని సిరాలో అద్దింది.