బిందెడు నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఇంట్లో ఏదో తిరుగుతోందని ఎవరైనా అంటే, ముందు పైపులో గాలి చేరిందేమో చూసుకోమని చెప్పే మనిషిని నేను. నల్లగొండలో ఇరవై ఏళ్ళుగా ప్లంబింగ్ పని చేస్తున్నాను. గోడలో ఎవరో మూలుగుతున్నారని పిలిస్తే వెళ్ళాను, కుళాయి దానంతటదే తిరుగుతోందంటే వెళ్ళాను. గాలి చేరితే పైపు మూలుగుతుంది, వాషర్ అరిగితే కుళాయి కారుతుంది. అంతకు మించి ఏ ఇంట్లోనూ నాకేమీ కనిపించలేదు. దయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు.

ఇది మా ఇంటి సంగతి. నేను ఏమేం చేశానో వరసగా చెబుతాను. ఎక్కడ పొరపాటు పడ్డానో తెలిసినవాళ్ళు ఉంటే నాకు చెప్పండి, కోపం తెచ్చుకోను.

మాది నేతపని ఇల్లు. పానగల్ పోయే దోవలో ఉంటాం. ముందరి గదిలో బాపు గుంట మగ్గం ఉండేది. నేలలో తొడలోతు గుంట తవ్వి, అందులోకి కాళ్ళు వదిలి కూర్చుని నేస్తారు. బాపు జీవితమంతా ఆ గుంట అంచునే గడిచింది. నాకు ఆ పని ఒంటబట్టలేదు. వేరే పని చేసుకుంటానంటే బాపు, "ఏ పనైనా చెయ్, గాని నేర్చి చెయ్" అన్నాడంతే.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు బాపు దవాఖానలో పోయాడు. శవాన్ని ఇంటికి తేలేదు. మా వైపు మనిషి పోతే, ఆ మనిషి మసలిన చోట దీపం పెట్టి, పక్కన చెంబెడు నీళ్ళు ఉంచుతారు. దినాలు అయ్యేదాకా రోజూ నీళ్ళు మారుస్తారు. మాకు అదీ కుదరలేదు. ఆ మర్నాటి నుంచే ఇంటిల్లిపాదీ జ్వరాలతో పడ్డాం, దీపం పెట్టడానికి లేచే ఓపిక ఎవరికీ లేదు.

ఏడాది గడిచాక మగ్గం విప్పి అటక మీద పెట్టించాను. గుంటను ఇటుక ముక్కలతో, మట్టితో పూడ్చి, పైన కాంక్రీటు పోసి టైల్స్ వేద్దామని మేస్త్రీని పిలిచాను. వెనక కట్టిన కొత్త స్నానాలగదికి నీళ్ళ పైపు ఆ గుంట మీదుగానే వేశాను. దగ్గర దారి అని. పూడ్చిన మట్టి తర్వాత కుంగుతుందని, దాని మీద జాయింటు వేయకూడదని నాకు తెలుసు. ఊరివాళ్ళ ఇళ్ళలో అయితే వేయను. మన ఇల్లే కదా అనుకున్నాను.

కాంక్రీటు కలిపి సిద్ధంగా ఉన్నప్పుడు అమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. "జర ఆగు కొడుకా. మీ బాపు పేర గింతన్ని నీళ్ళు గుంటల పోస్త" అంది. కలిపిన కాంక్రీటు గట్టిపడుతుందని కసురుకున్నాను. అమ్మ చెంబుతో అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలల తర్వాత నా భార్య లత ఒక తేడా పట్టుకుంది. పొద్దున ట్యాంకు నింపితే మధ్యాహ్నానికి నీళ్ళు తగ్గుతున్నాయి. ఇంట్లో ఎవరూ కుళాయి విప్పని రోజు కూడా తగ్గుతున్నాయి. "ప్లంబరింట్ల లీకేజీ అంటే నలుగురు నవ్వుతరు" అని ఎత్తిపొడిచింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టయింది నా పని.

నవ్వుకునే సంగతి అయితే బాగుండేది. అదే వారంలో ముందరి గదికీ, మా చిన్నది పడుకునే గదికీ నడుమ గోడలో పగులు కనిపించింది. మేస్త్రీ వచ్చి వేలు పెట్టి చూసి, "గుంటల నీళ్ళు దిగుతున్నట్టున్నయి. గిట్లనే ఉంటే గోడ కూసుంటది అన్నా" అన్నాడు. ఆ రోజు నుంచి పిల్లను మా దగ్గర పడుకోబెట్టుకున్నాం. ఆ గోడ కూలితే దానికి కారణం నేను వేసిన జాయింటే అవుతుంది. నాకు నిద్ర కరువైంది.

వెతకడం మొదలుపెట్టాను. ట్యాంకు లోపల గీతలు గీసి గంటకోసారి ఎక్కి చూశాను. పొద్దున అంతా నీళ్ళు కదలవు. పన్నెండు దాటాక, ఒంటిగంట లోపల, రెండు వేళ్ళ మందం తగ్గుతాయి. అంటే సుమారు బిందెడు. ఆ తర్వాత మళ్ళీ మర్నాటిదాకా తగ్గవు. లీకు అనేది గడియారం చూసుకుని కారడం నేనెక్కడా చూడలేదు. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసిన రోజు చుక్క కూడా తగ్గలేదు. కాబట్టి నీళ్ళు పైపులోంచే పోతున్నాయి.

రంగు వేసి చూద్దామనుకున్నాను. మా పనిలో దానికి వేరే రంగు ఉంటుంది. నేను మాత్రం తెలివి ఉపయోగించి, అమ్మ నూలుకు వాడిన ఎర్రరంగు పొట్లం అటక మీద ఉంటే తీసి ట్యాంకులో కలిపాను. నేతగాడి కొడుకు ప్లంబరైతే ఇట్లాగే ఉంటుంది. నాలుగు రోజులు ఇంట్లో కుళాయిలన్నీ ఎర్రగా పారాయి. లత నన్ను తిట్టని తిట్టు లేదు. అయినా నేల మీద గానీ, గోడ అడుగున గానీ, బయట మోరీలో గానీ ఎక్కడా ఎర్రటి చెమ్మ కనిపించలేదు.

తర్వాత పైపు రెండు వైపులా బిగించి గాలి ఒత్తిడి పెట్టి గేజు తగిలించాను. లీకు ఉంటే ముల్లు మెల్లగా పడిపోతుంది. పడలేదు. పన్నెండున్నరకు మాత్రం మూడుసార్లు వణికింది, ఆగింది, మళ్ళీ మూడుసార్లు వణికి ఉన్నచోటే నిలబడింది. ఇరవై ఏళ్ళలో అలాంటిది చూడలేదు. గేజు పాడైందనుకుని కొత్తది తెచ్చాను. మర్నాడూ అదే తీరు.

చివరికి హైదరాబాద్ నుంచి జహీర్ భాయ్‌ని పిలిపించాను. ఆయన దగ్గర నేల కింద చప్పుడు వినే యంత్రం ఉంది. పైపులో మళ్ళీ నీళ్ళు వదిలి, పన్నెండు గంటలకు పని మొదలుపెట్టాం. టైల్స్ మీద యంత్రం బిళ్ళ పెట్టి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని గదంతా అంగుళం అంగుళం విన్నాడు. గుంట ఉన్నచోట ఆగిపోయాడు. అక్కడ గుంట ఉండేదని నేను ఆయనకు చెప్పలేదు.

చాలాసేపు విని తీసేశాడు. "లీకైతే సుయ్యిమంటది అన్నా. గిది సుయ్యి కాదు. ఎవరో నీళ్ళు తాగుతున్న సప్పుడు లెక్కుంది" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

నేను పెట్టుకుని విన్నాను. మూడు గుటకలు. ఆగింది. మళ్ళీ మూడు గుటకలు. బాపు మగ్గం గుంటలోంచి లేచి మధ్యాహ్నం అన్నానికి ముందు చెంబు పైకెత్తి అట్లాగే తాగేవాడు.

ఒక మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, లతకు కూడా. బాపు దవాఖానలో ఉన్న చివరి రోజు ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని నాకు చేశాడు. "దూప అయితాంది కొడుకా, నీళ్ళు తే" అన్నాడు. నేను గేటు బయటే ఉన్నాను. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు. ఆక్సిజన్ మాస్కు తీస్తే ఊపిరి అందదని దవాఖానవాళ్ళు చెప్పారు, వాళ్ళ తప్పు లేదు. ఎండలో నిలబడి "ఇప్పుడే తెస్తున్న బాపు" అని అబద్ధం చెప్పాను. సాయంత్రానికి అయిపోయింది.

యంత్రం జహీర్ భాయ్‌కి తిరిగి ఇచ్చేశాను. గోడ సంగతి ఉంది, పిల్ల సంగతి ఉంది. మర్నాడు నేనే సుత్తె, ఉలి తీసుకుని టైల్స్ పగలగొట్టాను. కాంక్రీటు తీసేసరికి పదకొండు దాటింది. లోపల బురద ఉంటుందని బకెట్లు సిద్ధం చేసుకున్నాను.

మట్టి పొడిగా ఉంది. పిండిలా ఉంది. రోజూ బిందెడు చొప్పున నెలల తరబడి నీళ్ళు దిగిన మట్టి అట్లా ఉండదు. అడుగుదాకా తవ్వాను, ఎక్కడా ఎర్రరంగు మరక లేదు. పైపు నిక్షేపంగా ఉంది. జాయింటుకు వెంట్రుకంత సందు లేదు. మేస్త్రీ చూసి, మట్టి ఇంత పొడిగా ఉంటే గోడకు ఢోకా లేదని, పగులు గోడకు కాదు, పైన పూసిన సిమెంటు గిలాబాకే వచ్చిందని చెప్పాడు. అదీ నిజమే, అది పూడ్చాక మళ్ళీ రాలేదు.

అమ్మ చెంబుతో నీళ్ళు, రెండు తులసాకులు తెచ్చింది. ఈసారి చెంబు నేనే తీసుకుని గుంటలో పోశాను. ఏడవకూడదనుకున్నాను కానీ నా వల్ల కాలేదు. దీంతో తీరిపోతుందని లోపల ఎక్కడో నమ్మాను. మనం చేయాల్సింది చేస్తే పోయినవాళ్ళు శాంతిస్తారని అందరూ అంటారు కదా.

మర్నాడు ఒంటిగంటకు ట్యాంకు ఎక్కి చూశాను. నీళ్ళు రెండు వేళ్ళ మందం తగ్గే ఉన్నాయి.

అమ్మకు చెప్పాను. బియ్యం ఏరుకుంటూ తల ఎత్తకుండానే అంది, "గా దూప గంత జల్ది తీరుతదా కొడుకా."

గుంట మళ్ళీ పూడ్చాను, అదే పైపు ఉంచి, టైల్స్ వేశాను. పైపును గోడ బయటినుంచి తిప్పితే సరిపోతుంది, నాకది ఒక్క పూట పని. మూడేళ్ళయింది, తిప్పలేదు. ఎందుకు తిప్పవని లత అడిగితే రేపు చేస్తానంటాను. ఇప్పుడు అడగడం మానేసింది.

అది లీకు కాదని పనివాడిగా చెప్పగలను. మరి ఏమిటంటే చెప్పలేను. ఇంకొకరు చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

ఎక్కడ పనిలో ఉన్నా పన్నెండయ్యేసరికి ఇంటికి ఫోన్ చేసి, ట్యాంకులో నీళ్ళున్నాయా అని అడుగుతాను. కరెంటు పోయిన రోజు, బోరు నడవని రోజు పని ఆపి పరుగెత్తుకొస్తాను, బిందెలతో మోసైనా ట్యాంకులో పోస్తాను. ఉన్నాయని లత చెబితే మళ్ళీ పనిలో పడతాను.