తొమ్మిది సీట్లు, ఒక నీళ్ళ బిందె

మా ఇంట్లో ఊరికే ఎక్కడికీ పోరు. పెళ్ళయితే పోతారు, చావైతే పోతారు, మొక్కు ఉంటే పోతారు. వేములవాడలో కోడెను కట్టాలి, పిల్లలకు బాసరలో అక్షరాభ్యాసం చేయించాలి, ఇట్లా మా ప్రతి ప్రయాణం వెనక ఒక దేవుడో ఒక శవమో ఉండాల్సిందే. గడ్డి చూడటానికి బండి మాట్లాడుకొని పోయిన మనిషి అటు చుట్టాల్లో లేడు, ఇటు చుట్టాల్లో లేడు. అందుకే ఆ ఫోటో చూసిన రోజు నాకు పిచ్చి పట్టిందని మావాళ్ళు అనుకున్నారంటే, అందులో వాళ్ళ తప్పేం లేదు.

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఆ ఫోటో స్టాఫ్ రూంలో నా పక్కన కూర్చునే టీచర్ ఫోన్లో చూశాను. ఇచ్చోడ దాటి లోపలికి పోతే గుట్ట మీద ఒక చిన్న ఊరుందట. ఊరి చివర పెంకుటిల్లు, రెండు గదులు, ముందు వసారా, వసారాలో ఒక నులక మంచం. ఇంటి ముందు నుంచి ఆకాశం దాకా గడ్డే. దసరా వెళ్ళి చలి మొదలయ్యే రోజులు కాబట్టి గడ్డి అప్పుడే పసుపు తిరుగుతోంది. ఒక రైతు ఆ ఇంటిని రెండేసి రోజులకు కిరాయికి ఇస్తాడట. మూడో పీరియడ్ గంట కొట్టారు, నేను లేవలేదు. ఆ మంచం మీద మా అవ్వను పడుకోబెట్టాలి అనుకుంటూ అట్లాగే కూర్చున్నాను.

మా దగ్గర అవ్వంటే అమ్మ, బాపంటే నాన్న. అవ్వనే ఎందుకో చెప్పాలి. మా బాపుకు సిరిసిల్లలో నాలుగు సాంచాలున్నాయి. సాంచాలంటే మరమగ్గాలే. ఇంటి వెనక రేకుల షెడ్డులో అవి పొద్దంతా దడదడ కొట్టుకుంటుంటే, ఆ పక్కనే గోడకు ఆనుకొని అవ్వ వాటికి నూలు కండెలు చుడుతుంది. ఆ చప్పుడులో పెరిగినందుకు మా ఇంట్లో ఎవ్వరికీ మెల్లగా మాట్లాడటం రాదు, ప్రేమైనా తిట్టైనా ఒకటే గొంతు. కండెలు కాక అవ్వకు ఇంకో పని కూడా ఉంది. ఎదురు రావడం. ప్రయాణానికి బండి కదిలేటప్పుడు నిండు బిందెతో ఒక ముత్తైదువ ఎదురు రావాలి కదా, మా వాడకట్టులో ఆ పని ఆమెది. ఆమె ఎదురొస్తే పోయిన పని అవుతుందని పేరు పడింది. మంచి పేరే. కాని ఎదురొచ్చే మనిషికి బండిలో చోటుండదు.

నా అక్షరాభ్యాసానికి జీపు మాట్లాడి బాసర పోయారు. సీటు ఖాళీగా పోవడం బాపుకు గిట్టదు. దారిన పోయేవాళ్ళనైనా పిలిచి నింపుతాడు. ఆ రోజూ నింపాడు, లెక్కకు ఒక మనిషి ఎక్కువైంది. అవ్వ దిగింది, బిందె పట్టుకుంది, ఎదురొచ్చింది. నేను మేనత్త ఒళ్ళో కూర్చొని ఓనమాలు దిద్దాను. ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నది గోదావరి కాదు, గుడి కాదు. జీపు వెనక నుంచి చూస్తుంటే చిన్నదైపోతున్న అవ్వ ఒక్కతే గుర్తుంది. ఆమె ఇప్పటికీ బాసర చూడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు, ఉండదా మరి.

ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాను.

“అవ్వా, రెండు రోజులు ఒక ఊరికి పోదామే.”

“ఎవలు సచ్చిండ్రే?”

“ఎవ్వలు సావలే. ఊకెనే పోదాం.”

“ఊకెనే ఏందే? ఏం మొక్కున్నది?”

“మొక్కు లేదు.”

“మరి ఆడ ఏమున్నది?”

“గడ్డి!” అన్నాను. సాంచాల చప్పుడులో వినపడలేదేమోనని ఇంకా గట్టిగా అరిచాను. “గడ్డి అవ్వా, గడ్డి!” స్టాఫ్ రూం మొత్తం నా వైపు తిరిగింది.

“గడ్డి జూసెతందుకు గంత దూరమా? మనమేమన్న బర్లమా?” అని పకపకా నవ్వి ఫోన్ పెట్టేసింది.

తెల్లారి తనే ఫోన్ చేసింది. పనిపూట ఎప్పుడూ చెయ్యని మనిషి. “ఏమే, ఆడ సలి వెడ్తదా?” అని అడిగింది. చలి పెడుతుందా అని అడిగిన మనిషి సగం బయల్దేరినట్టే. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

అక్కడి నుంచి పది రోజులు ఇద్దరికీ నేల మీద కాళ్ళు నిలువలేదు. నేను ఏడో తరగతికి బోర్డు మీద “ఒక బండి సిరిసిల్ల నుంచి ఇచ్చోడకు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతే” అని లెక్క రాశాను. మర్నాడు అదే బండిని అరవై మీద పంపాను. మూడో రోజుకు పిల్లలు “టీచర్, ఇంకా చేరుకోలేదా?” అని అడిగారు. అవ్వ రోజుకొక కొత్త అనుమానంతో ఫోన్ చేసేది. సకినాలు ఎన్ని చేద్దాం? సర్వపిండి అక్కడే వేడివేడిగా చేసుకుందామా? అక్కడ రోలుంటదా? లేకుంటే మన చిన్న రోలు బండిలో వేసుకుందామా? రోలెందుకవ్వా అంటే, “తొక్కు ఎట్ల నూరుతవే, పండ్లతోనా?” అని గదిమింది. నేను ఊరికి పోయినప్పుడు ఆమెకు ఒక స్వెటరు, ఒక కోతి టోపీ కొనుక్కుపోయాను. పెట్టుకొని అద్దంలో చూసుకొని, “నన్ను నేనే గుర్తువట్టలే” అంది. తర్వాత బాపు ఫోన్లో మొత్తుకున్నాడు: “మీ అవ్వ గా టోపి వెట్టుకొనే కండెలు సుడుతున్నదే. వాడకట్టోళ్ళు జూసి నవ్వుతున్నరు.”

ఇల్లు మాట్లాడింది బాపే. నేను ఊళ్ళో ఉన్నప్పుడే ఆ రైతుకు ఫోన్ చేసి, అవ్వకూ నాకూ వినపడేటట్టు స్పీకర్ పెట్టాడు.

“నీళ్ళున్నయా?”

“ఉన్నయి పటేలా.”

“తిండి?”

“జొన్నరొట్టె, దాంట్లకు శెనగపిండి పిట్ల మా ఇంట్లనే చేసి పంపుతం. ఫికర్ జెయ్యకుండ్రి.”

“మరి జూసుటానికి ఆడ ఏమున్నయి?”

“ఏం లెవ్వు.”

“ఏం లెవ్వా?”

“ఏం లెవ్వు పటేలా. గాలి, గడ్డి, నేను.”

బాపు ఫోన్ మీద చెయ్యి పెట్టి, “మంచోడే. అబద్ధం ఆడుత లేడు,” అన్నాడు. అవ్వ ముందుకు వంగి ఆ ఫోన్లోకి, గుట్ట మీదికి నేరుగా వినపడేంత గట్టిగా అడిగింది: “ఆడ సప్పుడు ఏమన్న ఉంటదా?” అటువైపు మనిషి ఉలిక్కిపడి ఉంటాడు. “ఏ సప్పుడు ఉండదు అక్కా” అన్నాడు. మా దగ్గర చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టో పోగు తెగినట్టో, ఏదో ఒకటి పరేషాన్ అయ్యే సంగతే. ఏ పరేషానూ లేకుండా చప్పుడు లేని చోటు ఒకటుంటుందన్న మాటకు అవ్వ చాలాసేపు తల ఊపుతూ కూర్చుంది.

అంతా అయిందనుకున్నాను. పోయేది ముగ్గురం. బాపు మాట్లాడిన బండి డ్రైవర్ కాక తొమ్మిది మంది పట్టేది. అక్కడే నేను మోసపోయాను. లెక్కల టీచర్నై ఉండి, తొమ్మిదిలోంచి మూడు తీస్తే మిగిలే ఆరు బాపును నిద్రపోనివ్వదని నాకు తట్టలేదు. సుల్తానాబాద్‌లో ఉన్న చెల్లెకు, అంటే మా మేనత్తకు, ఆయన ఫోన్ చేశాడు. “బండి ఖాళీగనే పోతున్నది, రారాదు” అన్నాడట. వడ్ల కోతలు అయిపోయి చేతులు ఖాళీగా ఉన్న ఇల్లు అది. మేనత్త, మామయ్య, ఇద్దరు కోడళ్ళు, ముగ్గురు పిల్లలు. ఏడుగురు. వాళ్ళకు బాపును, నన్ను కలిపితే తొమ్మిది. నోటుబుక్కు చివరి పేజీలో మూడుసార్లు రాసుకున్నాను, మూడుసార్లూ అవ్వే మిగిలింది.

ఫోన్ చేస్తే, నేను నోరు తెరవక ముందే అవ్వ అంది: “పోనీ తియ్యి బిడ్డా. మీరు పోయి రాండ్రి. సాంచాల కాడ ఒకలుండాలె గద. నేను ఎదురొస్త.”

నా కోపం కాస్తా ఏడుపైపోయింది. నోటుబుక్కుల దొంతర వెనక ముఖం దాచుకొని ఏడ్చాను. ఆ తర్వాత బాపుకు ఫోన్ చేసి కడిగి పారేశాను. ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు, “పిలిచినోళ్ళను వద్దని ఎట్లంటమే? మీ అవ్వ ఎదురొస్తెనే బండి క్షేమంగ పోతది.” అవ్వ రాకుంటే నేను కూడా రానని చెప్పి పెట్టేశాను. కాని శుక్రవారం సాయంత్రం బస్సెక్కి సిరిసిల్లకే పోయాను. అవసరమైతే అవ్వను తీసుకొని బస్సులోనే ఇచ్చోడ పోదామని మొండిగా ఉన్నాను.

పోయేసరికి ఇల్లంతా సంత. మేనత్త వాళ్ళు అప్పటికే దిగారు. పిల్లలు మంచాల మీద దుంకుతున్నారు. అవ్వ పొయ్యి ముందు కూర్చొని అందరికీ సకినాలు కాలుస్తోంది. గోడ పక్కన సంచులు వరసగా ఉన్నాయి. అన్నీ చూశాను, అవ్వ సంచి లేదు. పక్కన కూర్చొని బస్సు మాట ఎత్తితే, “ఊకో, ఆడిబిడ్డ వింటది” అంది. ఇంకేం చెయ్యాలో తోచక ఫోన్ తీసి ఆ ఫోటో ఆమె ముందు పెట్టాను. నూనె వేలితో దాన్ని పెద్దగా చేసి చూసింది. గడ్డిని చూడలేదు.

“గీ మంచం ఎవలది?”

“నీదే.”

“దీని మీద పండుకుంటె ఎవలన్న లేపుతరా?”

“ఎవ్వలు లేపరు.”

ఆమె పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. మూకుడులో సకినాలు తిరగేసింది. ఫోన్ మీద నూనె మరక నేను తుడవలేదు.

తెల్లవారి బండి గుమ్మం ముందుకు వచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. మేనత్త వాళ్ళు ఏడుగురూ ఎక్కి, దిగమన్నా దిగనట్టు సర్దుకున్నారు. నేను చెప్పులు కూడా వేసుకోలేదు, కొట్లాటకు మాటలు కూడదీసుకుంటూ గడపలోనే నిలబడ్డాను. మేనత్త కిటికీలోంచి తల బయట పెట్టి పిలిచింది: “ఓ వదినా, పొద్దెక్కుతున్నది. బింద పట్టుకొని ఎదురు రా!”

అవ్వ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో నిండు బిందె ఉంది. ఒంటి మీద స్వెటరు ఉంది. తల మీద కోతి టోపీ, భుజానికి సంచి, చంకలో చిన్న రోలు. బండి ముందుకు పోవాల్సిన మనిషి తిన్నగా బండి దగ్గరికే పోయి, ముందు సీటు తలుపు తీసి, రోలు కాళ్ళ దగ్గర పెట్టుకొని, ఎక్కి కూర్చుంది. అది ఎప్పుడూ బాపు కూర్చునే సీటు. కూర్చున్నాక కిటికీలోంచి బిందె బయటికి చాపింది.

“ఇగో,” అంది బాపుతో.

బాపు బండిలోకి తొంగిచూశాడు. మిగిలిన తొమ్మిదో సీటు నాదని నేను ఉరికి పోయి ఎక్కేశాను. మిగిలిన ఏడుగురూ అటు ఇటు చూస్తున్నారు, దిగే మొఖం ఒక్కటీ లేదు. అందరినీ పిలిచింది ఆయనే.

“సాంచాల కాడ ఒకలుండాలె గద,” అంది అవ్వ.

“వదినా, మొగోడు ఎదురొస్తడా ఏడనన్న?” అని మేనత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“బింద నిండుగుంటె సాలు. పట్టుకున్నది ఎవలో బిందకేం ఎరుక?”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కోడళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బాపు నేల చూశాడు, ఆకాశం చూశాడు. తర్వాత మీసాల కింద నవ్వొకటి మెల్లగా బయటపడింది. బిందె అందుకున్నాడు. “ముప్పై ఏండ్లు వచ్చింది, ఒక్కసారి నేనొస్తె అరిగిపోత్నా,” అని తనకు తనే చెప్పుకొని వాడ చివరికి నడిచాడు. అక్కడ తిరిగి, బిందెను రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని, నీళ్ళు ఒలికి ధోతి తడుస్తుంటే మాకు ఎదురొచ్చాడు. గడపల్లో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. బండి పక్క నుంచి పోతుంటే, “గా మంచం ఫొటో దీసి పంపుండ్రి!” అని అరిచాడు.

డ్రైవర్ నిమ్మకాయలు తొక్కించి వాడ దాటించాడు. అవ్వ పక్క అద్దంలోకి వంగి చూస్తోంది. అద్దంలో బాపు, చేతిలో బిందెతో, నడి వాడలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. బండి పోతున్నకొద్దీ గుప్పెడంత అయ్యాడు, గింజంత అయ్యాడు.

“ఏమే,” అంది అవ్వ, ఎప్పుడూ లేనిది మెల్లగా. “ఇన్నేండ్లు నేను గూడ గిట్లనే కనవడేదాన్నా?”

“ఇంక చిన్నగ కనవడేదానివి,” అన్నాను.

మలుపు తిరిగేదాకా ఆమె అద్దంలోనే చూసింది. తర్వాత టోపీని చెవుల మీదికి లాక్కొని, సీటుకు ఆనుకొని, ముందున్న రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.