చెవిన పడనివ్వని చావు

మా చిన్నాయన పోయిన సంగతి మా వీధి వీధంతా తెలుసు, నాకు తప్ప. నేనప్పుడు స్విట్జర్లాండ్‌లో రెండు చేతుల్లో రెండు ఐస్ గొడ్డళ్ళు పట్టుకుని, బూట్ల కింద ఇనప ముళ్ళు తగిలించుకుని గోడెక్కుతున్నాను. మంచు ఎక్కే పోటీల కాలం సగంలో ఉంది. అది ముగిసేదాకా నాకు చెప్పకూడదని ఇంట్లో అందరూ కూర్చుని తీర్మానించుకున్నారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తమిళనాడులో, రాజపాళయంలో పుట్టినదానికి మంచుతో పనేమిటని అడగనివాళ్ళు లేరు. మా ఊళ్ళో మంచంటే ఐస్ ఫ్యాక్టరీ గడ్డే మరి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సరదాకి గోడలెక్కడం నేర్చుకున్నాను. ఒక చలికాలం హిమాలయాల్లో స్పితికి పోయి గడ్డకట్టిన జలపాతం ఎక్కాక పిచ్చి పట్టుకుంది. ఇంట్లో ఆ పిచ్చిని మెచ్చుకున్నది చిన్నాయన ఒక్కరే. నాన్నకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవారు. బ్యాండేజీ గుడ్డ నేసే చిన్న షెడ్డు నడిపేవారు. నేను సెలవుకి వచ్చినప్పుడు సాధన చేసుకోవాలని ఆ షెడ్డు దూలానికి గొలుసులతో ఒక మొద్దు వేలాడదీయించారు. పైన నేను గొడ్డళ్ళు తగిలించి ఊగుతుంటే కింద మగ్గాలు ఆడుతూనే ఉండేవి. పనికి వచ్చే ఆడవాళ్ళు నన్ను చూసి నోరు నొక్కుకునేవాళ్ళు.

ఒక ఎండాకాలం ఐస్ గడ్డలు తెప్పించి, షెడ్డు ముందు వడ్లపొట్టు పోసి గోడలా పేర్పించారు. నేను మొదటి దెబ్బ వేయగానే పైగడ్డ రెండు ముక్కలైంది, మిగతావి నా కాళ్ళ మీదికి దొర్లాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం నిమ్మకాయలు పిండించి, నన్నారి వేళ్ళ పాకం పోసి, ఆ ముక్కలతోనే వీధిలో అందరికీ షర్బత్ పంచారు. పాప ఎక్కిన మంచు, తాగండి అంటూ ఇంటింటికీ తానే గ్లాసులు తీసుకుపోయారు. అలాంటి మనిషి.

ఆయన పోయిన ఏడాది మొదటి పోటీ కొరియాలో. టైపు చేయడం ఆయనకి చిరాకు, ఏం చెప్పాలన్నా వాయిస్ మెసేజ్ పెట్టేవారు. పోటీ ముందు ఒకటి వచ్చింది.

"పడితే పడు పాప. తాడు ఉండాది కదా. కిందికి చూడకుండా ఎక్కు, మిగతాది అప్పురం చూసుకుందాం."

సగంలోనే జారాను. ఆయన ఫోన్ చేసి దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. అక్కడ తిండి ఎట్లా ఉంది, మజ్జిగ దొరుకుతుందా అని మాత్రం అడిగారు. ఆయన గొంతు వినడం అదే ఆఖరు.

తర్వాత కొద్ది రోజులకే షెడ్డులో నిలుచున్నవారు నిలుచున్నట్టే కూలిపోయారట. గుండె. నాన్న వెంటనే నాకు ఫోన్ చేయబోతే పెదనాన్న చేయి పట్టుకుని ఆపారట. చావు మైలని మా ఊళ్ళో తీట్టు అంటాం. దూరంలో ఉన్నవాళ్ళకి అది వార్త చెవిన పడ్డప్పుడే పట్టుకుంటుంది, పడకపోతే లేదు. విన్నదంటే తీట్టుతో ఎక్కకూడదు, ఎక్కితే కీడు. విననే వినకపోతే పాప శుద్ధంగా ఉంటుంది, పోటీలన్నీ ఆడుకుని వస్తుంది. ఇదీ పెదనాన్న లెక్క. నా మంచికే చేశారు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఎవరితో పోట్లాడాలో తెలియక ఇంకా కోపం వస్తుంది.

మా వాళ్ళకి అబద్ధమాడడం చేతకాదు. ఆ ఒక్కసారి మాత్రం ఎంత నేర్పుగా ఆడారో. చిన్నాయన గొంతుకి చిన్న ఆపరేషన్ అయింది, డాక్టరు మాట్లాడవద్దన్నాడు అన్నారు. వీడియో పెట్టమంటే సిగ్నల్ లేదన్నారు. నేను ఆయన ఫోన్‌కి రోజూ వాయిస్ మెసేజ్‌లు పెట్టాను. నోరు మూతపడ్డాక ఇల్లు ప్రశాంతంగా ఉందా చిన్నాయనా అని ఎగతాళి కూడా చేశాను. జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చేది. అమ్మ చావింట్లో ఒక మూల కూర్చుని, అవన్నీ విని, ఆ బొమ్మ నొక్కేది.

ఆఖరి పోటీ ఫిన్లాండ్‌లో. మొదటిసారి ఫైనల్ చేరాను. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ ఎక్కలేదు. తాడు మీద దిగుతూ కెమెరా వైపు గొడ్డలి ఎత్తి, చిన్నాయనా చూసినావా అని అరిచాను. ఇంట్లో అందరూ ఒక్క ఫోన్ చుట్టూ కూర్చుని అది చూశారు. పెదనాన్న లేచి బయటికి పోయారని అమ్మ తర్వాత చెప్పింది.

మదురై ఎయిర్‌పోర్టుకి ముగ్గురూ వచ్చారు. నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. మీసం లేదు. పుట్టిన దగ్గర్నుంచి మీసం లేని నాన్నని చూడలేదు నేను. అమ్మ ఉంది, పెదనాన్న ఉన్నారు. చిన్నాయనేనా అని అడిగాను. నాన్న నా పెట్టె అందుకుని, ఇంటికి పోదాం రా అన్నారు. దారిలో చెబితే తీట్టు అక్కడే పట్టుకుంటుంది, నీళ్ళ దగ్గర నిలబెట్టి చెప్పాలి. కారులో దారి పొడుగునా అడిగాను, అరిచాను, ముందు సీటుని గుద్దాను. శ్రీవిల్లిపుత్తూరు దాటినా ఎవరూ నోరు విప్పలేదు. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ముందు వాకిలి నుంచి రానివ్వలేదు. పక్క సందులోంచి పెరట్లో కొళాయి దగ్గరికి తీసుకుపోయారు. బకెట్లు నింపి ఉన్నాయి. జట్టు జాకెట్టు ఇంకా ఒంటి మీదే ఉంది.

"మీ చిన్నాయన పోయినాడు పాప," అన్నారు పెదనాన్న.

అమ్మ నా తల మీద నీళ్ళు కుమ్మరించింది.

"కర్మలన్నీ ముగిసినాక విన్నావు. నీకు ఈ ఒక్క స్నానం సాలు. తీట్టు పోయింది," అన్నారు పెదనాన్న.

తల ఆరకముందే అన్నం పెట్టారు. సాయంత్రానికి చుట్టాలు శాలువా పట్టుకుని వచ్చారు. ఫైనల్ దాకా పోయిన పిల్లని చూడాలి కదా, తీట్టు కూడా లేకపోయె. నేను గొంతెత్తి ఏడిస్తే అందరూ ఓదార్చారు, వీపు నిమిరారు, కాఫీ తెచ్చిచ్చారు. ఒక్కరి కంట్లోనూ నీళ్ళు లేవు. వాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి ఏడ్చి, ఆయన గురించి చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుని, ఇప్పుడు ఆయన మాటలు తలుచుకుని నవ్వుకునేదాకా వచ్చేశారు.

"మేమంతా ఏడ్చి ముగించినాం పాప," అంది అమ్మ నా కళ్ళు తుడుస్తూ. "నువ్వు కూడా ఏడ్చేసెయ్."

ఎవరితో కలిసి ఏడవను అని అడిగాను.