పారబోసిన బోనం అన్నం

నేను వండిన బోనం అన్నాన్ని మా ఆడబిడ్డ పంపు పక్కన బోర్లించిన ఆ ఆదివారం నాకు నిన్నటిలా గుర్తుంది. ఛత్రినాకలో మా గల్లీ చివర అప్పటికే డప్పులు మొదలయ్యాయి. తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, పాలు పోసి, బెల్లం వేసి అన్నం వండాను. కుండకు పసుపు రాయడానికి వంగినప్పుడు ఆమె వెనక నిలబడి ఉంది.

"వదినె, ముట్టయి బోనం వండుతవా?"

"నేను ముట్టు కాలే."

"మరి చీరకు గా రక్తమేంది?"

మా ఆయన, మరిది, పక్కింటివాళ్లు అందరూ చూశారు. అది ఎక్కడి రక్తమో నాకు తెలుసు. మూడు నెలలుగా దొడ్డికి వెళ్లిన ప్రతిసారీ గాజుపెంకు కోసినట్టు నొప్పి, వెంటనే ఎర్రటి చుక్కలు. ఆ మాట అంతమందిలో ఎలా చెప్పను? తల దించుకున్నాను. ఒప్పుకున్నానని ఆమె అనుకుంది. మళ్లీ వండి, బోనం తనే ఎత్తుకుంది. నేను గడప లోపలే ఉండిపోయాను. నిజంగా ముట్టే అయినా ఆ అన్నం చేసిన పాపమేమిటని ఆ రోజంతా అనుకున్నాను.

అప్పటి నుంచి శుభ్రం నాకు పంతమైంది. రోజుకు నాలుగుసార్లు ఆ చోటును బట్టల సబ్బుతో రుద్ది కడిగేదాన్ని. కొన్నాళ్లకు దురద మొదలైంది. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని, మిషను ముందు స్టూలు మీద స్థిమితంగా కూర్చోలేకపోయాను. దురద పెడితే ఇంకా కడిగాను. దొడ్డికి వెళ్లాలంటేనే భయం, అందుకని తిండీ నీళ్లూ తగ్గించాను. వేడి చేసిందన్నవాళ్ల మాట విని సబ్జా గింజల నీళ్లు తాగాను. లోపల ఏదో పెద్ద జబ్బే ఉందన్న అనుమానం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ ఆషాఢం రెండు నెలల్లోకి వచ్చింది. ఈసారి బోనం నేనే ఎత్తాలి, చీర మీద చుక్క ఉండకూడదు. బస్తీలోని దవాఖానకు వెళ్లి, లేడీ డాక్టరు ముందు కూర్చుని, కడుపు నొప్పి అన్నాను. ఆమె కడుపు నొక్కి చూసింది.

"ఈడ ఏం లేదమ్మా. ఇట్ల ఒక పక్కకు ఒరిగి కూసునేటోళ్లు అందరు కడుపు నొప్పే అంటరు. అసలు సంగతి చెప్పు."

చెప్పాను. రక్తం ఎరుపా నలుపా, బరువు తగ్గానా, ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బు ఉందా అని అడిగి, పరదా లాగి పరీక్ష చేసింది.

"చిన్న చీలిక. దొడ్డికి గట్టిగ వచ్చి చిరిగింది. నువ్వు తిండి తగ్గిస్తే ఇంకా గట్టిగయితది. దురద మాత్రం నువ్వు తెచ్చుకున్నదే, సబ్బు బంద్ చెయ్."

నేను తెచ్చుకున్నదట. ఆ మాట నేను మరిచిపోలేదు, కానీ సబ్బు మానేశాను. నీళ్లు, ఆకుకూరలు, ఇసబ్‌గోల్, ఆమె రాసిన పూత మందు, రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది నిమిషాలు. ముక్కకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైంది. నెలన్నరలో తగ్గకపోయినా, రక్తం నల్లగా వచ్చినా లోపల చూడాలంది. నెల దాటేసరికి చుక్కలు ఆగాయి, దురద అంతకుముందే పోయింది. అయినా మళ్లీ వెళ్లి చూపించుకున్నాను.

బోనాల పొద్దున ఆడబిడ్డ వచ్చింది. కుండకు పసుపు రాస్తూ, అందరూ ఉండగానే చెప్పాను.

"పోయినేడు అది ముట్టు రక్తం కాదు. దొడ్డికి పోయేకాడ చీలింది."

మరిది లేచి బయటికి వెళ్లాడు. ఆడబిడ్డ దీపం ఒత్తిని సరిచేసింది.

"గా ముచ్చట గప్పుడే చెప్తే నేను పారబోద్దునా? ఏడాదంత మూతి ముడుసుకొని కూసున్నవ్."

తప్పు నా మీదికే తోసింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది. కానీ దీపం వెలిగించి కుండను నా నెత్తి మీదికి ఎత్తినప్పుడు, ఆమె నా చీర వెనకవైపు చూడలేదు. అదీ గుర్తుపెట్టుకున్నాను.