పిన్ని గుచ్చిన గుండుసూది

ఆ గుండుసూది పొరపాటున గుచ్చుకుందా, పిన్ని కావాలనే గుచ్చిందా? ఇరవయ్యేళ్ళుగా అడగాలనుకుంటూనే ఉన్నాను. మొన్న శుక్రవారం నరసరావుపేట నుంచి అమ్మ ఫోన్ చేసి, "పక్కింటి టైలర్ పిన్ని పోయిందే" అంది. ఇక అడగడానికి మనిషి లేదు.

అప్పుడు నేను ఎమ్మే చదువుతున్నాను. సెలవులైపోయాయి, మర్నాడు గుంటూరు బస్సెక్కి హాస్టల్‌కు వెళ్ళాలి. కొత్త జాకెట్టు తొడిగి చూస్తూ, చేతుల అంచు మడిచి గుండుసూదులు పెడుతోంది పిన్ని. "ఎమ్మేకొచ్చినా తిన్నగా నిలబడటం రాలా నీకు" అని వెక్కిరిస్తున్నదల్లా ఆగిపోయింది. మోచేతి పైన, తెల్లబారిన మచ్చ మీద నెత్తుటి బొట్టు. తామరనుకుని అమ్మ నెలల తరబడి ఆయింట్‌మెంట్ రాస్తున్న మచ్చ అది.

"నొప్పి పుట్టలా?"

"లేదు పిన్నీ."

నోట్లో పట్టుకున్న సూదులన్నీ తీసేసింది. "కళ్ళు మూసుకో. గుచ్చినప్పుడల్లా చెప్పు."

మచ్చ బయట గుచ్చితే "అబ్బా" అన్నాను. ఆ తరవాత ఎంతసేపటికీ ఏమీ లేదు. "ఇంకా గుచ్చవేంది?" అని కళ్ళు తెరిచాను. మచ్చ మీద మరో రెండు బొట్లు.

నన్ను మా ఇంట్లోకి లాక్కొచ్చి, "ఇది కుష్టేమో అక్కా" అంది. అమ్మ గబుక్కున తలుపు మూసింది.

"నెమ్మదే! తెలిస్తే దీన్ని హాస్టల్లో ఉండనిస్తారా?"

"వేళ్ళు ముడుచుకుపోయినాక ఉండనిస్తారా? మందులుండాయి. పదండి."

సర్కారు ఆసుపత్రి బల్ల మీద నా చిటికెన వేలు పట్టుకుని కూర్చుంది పిన్ని. నొక్కడం, "తెలుస్తందా?" అనడం. తెలుస్తోందో లేదో నాకే తేలేది కాదు. జబ్బును త్వరగానే పట్టుకున్నారు, ఆరు నెలలు మాత్రలు వాడితే చాలని డాక్టరు చెప్పాక గానీ వేలు వదల్లేదు.

వీధిలో ఎవరడిగినా "రక్తం తక్కువ, బలం బిళ్ళలు" అని ఆమే చెప్పేది. నేను ఊరొస్తే గోడ మీంచి "మింగావా?" అన్నదే మొదటి పలకరింపు. నీకెట్లా తెలిసిందని ఒకసారి అడిగాను. "మా సొంతక్క చెయ్యి చూశాగా" అని దారం పంటితో తెంపి, మిషను తొక్కింది.

అంతకుముందు నాకు ఎన్ని జాకెట్లు కుట్టింది! అనుమానం ఎప్పటినుంచి? కావాలనే గుచ్చి ఉంటే అన్నాళ్ళు ఎందుకు ఆగింది? పొరపాటే అయితే, నా చెయ్యి ఇలా మిగలడం ఒక పొరపాటు చలవేనా?

చివరిచూపు చూసొచ్చాక, నిరుడు ఆమె కుట్టిచ్చిన జాకెట్టు మొదటిసారి తొడుక్కోబోయాను. చేతి మడతలో మరిచిపోయిన గుండుసూది ఒకటి మోచేతి పైన చురుక్కుమంది. తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ రోజుది పొరపాటో కాదో, నేనింకా తేల్చుకోలేదు.